ఏఎంఈ కోర్సుకు 8 లక్షలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అడ్వాన్సు కట్టొచ్చా?

మీరు అడిగింది ఇదీ. మీ రెండో అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది, విమానాల మెయింటెనెన్స్ కోర్సు, అదే ఏఎంఈ, చేస్తానంటోంది. గుంటూరు అరండల్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు వేరే రాష్ట్రంలో ఉన్న స్కూల్లో సీటు ఇప్పిస్తామన్నారు. మొత్తం 8 లక్షలట, ఉద్యోగం వంద శాతం గ్యారంటీ అట. ఈ శుక్రవారంలోగా 50 వేలు అడ్వాన్సు కట్టమన్నారు.

ముందుగా ఆ శుక్రవారాన్ని మర్చిపోండి. ఈ కోర్సుకు సీట్ల కొరత పెద్దగా ఉండదండీ. మా బ్యాచ్‌లో క్లాసులు మొదలై నెలన్నర దాటాక కూడా పిల్లలు చేరారు.

నా సంగతి చెబితే మీకు ఒక లెక్క తెలుస్తుంది. మాది విజయవాడ, ఆటోనగర్. నాన్నది లారీ గేర్‌బాక్సులు విప్పే షెడ్డు. నేను ఇంటర్ అయ్యాక 2013లో ఇదే కోర్సులో చేరాను. ఇప్పుడు శంషాబాద్‌లో ఒక హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్నాను, బీ1.1 లైసెన్సుతో ఏ320 విమానాలకు పని అయ్యాక ఎగరొచ్చని సంతకం పెడతాను. స్కూల్లో క్లాసులు 2015లో అయిపోయాయి. లైసెన్సు చేతికొచ్చింది 2020 జనవరిలో. మధ్యలో ఉన్న ఆ నాలుగున్నర ఏళ్ళు ఏ కన్సల్టెన్సీ బ్రోషర్‌లోనూ కనపడవు. నేను చెప్పేదంతా వాటి గురించే.

స్కూలు ఇచ్చేది లైసెన్సు కాదు, కోర్సు పూర్తయిందని సర్టిఫికెట్. డ్రైవింగ్ స్కూలు వాడిచ్చిన కాగితం పట్టుకుని లారీ తోలలేం కదా, ఇదీ అంతే. లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ. దానికి రెండు కావాలి. ఒకటి, డీజీసీఏ పెట్టే మాడ్యూల్ (సబ్జెక్టు) పరీక్షలన్నీ పాసవ్వాలి. రెండు, నిజంగా ఎగిరే విమానాల మీద పనిచేసిన అనుభవం లాగ్‌బుక్‌లో ఉండాలి. కార్-147 ఆమోదం, అంటే శిక్షణ స్కూళ్ళకు డీజీసీఏ పెట్టిన నిబంధనల కింద ఇచ్చే ఆమోదం, ఉన్న స్కూల్లో కోర్సు పూర్తి చేసినవాళ్ళకు ఆ అనుభవం 2 ఏళ్ళు చాలు. ఆ కోర్సు గానీ వేరే సాంకేతిక శిక్షణ గానీ ఏదీ లేకపోతే 5 ఏళ్ళు కావాలి. స్కూలుకు మీరిచ్చే డబ్బుతో కొనుక్కునేది ప్రధానంగా ఈ మినహాయింపునే. కాబట్టి ఆ ఆమోదం లేని స్కూలైతే 8 లక్షలు కాదు, 80 వేలకు ఇస్తానన్నా వద్దు.

ఆమోదం ఉన్న స్కూళ్ళ జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. స్కూలు పేరు ఉందా అని మాత్రమే చూసి వదిలేయకండి. ఏ ఊళ్ళో ఉన్న క్యాంపస్‌కు ఇచ్చారు, ఏ కేటగిరీకి ఇచ్చారు, ఎప్పటిదాకా ఉంది, ఈ మూడూ చూడండి. పెద్ద టర్బైన్ ఇంజన్ విమానాల మెకానికల్ పనికి బీ1.1, వైరింగు, రేడియోలు, ఎలక్ట్రానిక్స్‌కి బీ2. బీ1.2 అంటే చిన్న పిస్టన్ ఇంజన్ విమానాలు. ఫ్లయింగ్ క్లబ్బులకు పనికొస్తుంది గానీ ఎయిర్‌లైన్ ఉద్యోగానికి దాంతో నడవదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఇవన్నీ కలిపి 'బీ1' అనేస్తారు.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చేస్తాను. బీటెక్ ఏరోనాటికల్ వేరు, ఏఎంఈ వేరు. విమానం విడుదలకు సంతకం పెట్టే హక్కు బీటెక్ డిగ్రీతో రాదు. అలాగే ఏఎంఈ కోర్సులో చేరడానికి డీజీసీఏ పెట్టే ప్రవేశ పరీక్ష అంటూ ఏదీ లేదు. ప్రైవేటు వాళ్ళు పెట్టే పరీక్షల పేర్ల చివర 'సెట్' అని ఉంటుంది, మనవాళ్ళు ఎంసెట్ లాంటిదనుకుని ర్యాంకు వచ్చిందని స్వీట్లు పంచుతారు. మా పక్కింట్లో జరిగింది కాబట్టే చెబుతున్నా.

పరీక్షల మాటకొస్తే, నా రోజుల్లో బీ1.1కి 13 మాడ్యూళ్ళు ఉండేవి. లెక్కలు, ఫిజిక్స్, కరెంటు, ఎలక్ట్రానిక్స్‌తో మొదలై విమాన చట్టాలు, టర్బైన్ ఇంజన్, ప్రొపెల్లర్ దాకా. ప్రతిదాంట్లో పాస్ మార్కు 75 శాతం. ఇంటర్‌లో నాకు 1000కి 940 వచ్చాయి. 75 ఎంత, ఎడమ చేత్తో రాసేస్తాననుకున్నాను. మూడో మాడ్యూల్లో, అదే కరెంటుది, మొదటిసారి 69, రెండోసారి 73. 35కి పాసయ్యే చదువు మనది. నూటికి 73 తెచ్చుకుని ఫెయిలైనవాణ్ణి మా మామ్మ ఓదార్చిన తీరు ఇప్పటికీ గుర్తే, 'పేపర్లు దిద్దినవాడికి పైత్యం చేసిందిరా' అంది. చూచిరాతకు అలవాటైన చదువు ఇక్కడ నిలబడదు. మీ అమ్మాయి ఇంటర్ మార్కులు కార్పొరేట్ కాలేజీ రుబ్బుడుతో వచ్చినవా, అర్థం చేసుకుని చదివితే వచ్చినవా అన్నది మీకే తెలుస్తుంది. స్కూల్లో ఉండగానే కనీసం సగం మాడ్యూళ్ళు కొట్టేస్తే తర్వాత ఏళ్ళు కలిసొస్తాయి. నేను నాలుగే పాసై బయటికొచ్చాను. నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే పుస్తకం పట్టుకోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

ఇక స్కూలు ఎంచుకోవడం. 2013లో నాన్నా నేనూ స్కూలు చూడ్డానికి రైల్లో వెళ్ళాం. ఏసీ ఆఫీసు, గోడల నిండా పైలట్ల ఫోటోలు, కాఫీ. తర్వాత ఆవరణలో ఉన్న విమానం దగ్గరికి తీసుకెళ్ళి మమ్మల్ని నిలబెట్టి ఫోటో తీశారు. నాన్న ఆ విమానం కింద వంగి చూసి, "టైర్లలో గాలి లేదేంట్రా?" అన్నాడు. నేను సిగ్గుపడి "ఊరుకో నాన్నా" అన్నాను. ముప్పై ఏళ్ళు బండ్ల కింద పడుకున్న మనిషి అడిగిన ప్రశ్న అది. నేను ఆ రోజు ఆయన మాట వినుంటే ఏడాది మిగిలేది. ఆ విమానం ఎప్పుడో చచ్చిపోయింది. దాని ఇంజన్ ముందు భాగంలో పిచ్చుక గూడు పెట్టింది, హైడ్రాలిక్స్‌లో చుక్క ఆయిల్ లేదు. రెండేళ్ళూ మాకు హైడ్రాలిక్ వ్యవస్థను బోర్డు మీద బొమ్మ గీసే చెప్పారు. ల్యాండింగ్ గేర్ లోపలికి ముడుచుకోవడం నేను మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరాక, విమానాన్ని జాకీల మీద లేపినప్పుడు.

కాబట్టి మీరు అమ్మాయిని తీసుకుని స్వయంగా వెళ్ళండి. ఆఫీసులో ఐదు నిమిషాలకు మించి కూర్చోకండి. వర్క్‌షాపు చూపించమనండి. టార్క్ రెంచ్ ఒకటి చేతికిమ్మని అడగండి, అంటే బోల్టు ఎంత బిగువుతో పట్టాలో కొలిచి చూపించే పానా. దాని మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూడడం) గడువు తేదీ వేసి. ఆ తేదీ దాటిపోయిన టార్క్ రెంచ్‌ని ఏ హ్యాంగర్‌లోనూ వాడనివ్వరు. స్కూల్లో అది మూడేళ్ళ కిందటిదైతే అక్కడ దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదని అర్థం. పరికరాల గదిలో ఏ పానా ఏ కొక్కేనికి ఉండాలో గోడ మీద దాని ఆకారం గీసి ఉందా, తీసుకెళ్ళినవాడు రిజిస్టర్‌లో రాస్తున్నాడా చూడండి. ఒక స్క్రూడ్రైవర్ లెక్క తప్పితే మేం విమానాన్ని కదలనివ్వం, షిఫ్టంతా వెతుకుతాం. ఆ అలవాటు స్కూల్లో పడాలి.

తర్వాత బయట టీ బడ్డీ దగ్గర ఆఖరి సంవత్సరం పిల్లల్ని పట్టుకోండి. తెలుగువాళ్ళు ఒకరిద్దరైనా తప్పకుండా ఉంటారు, 'ఏ ఊరు బాబూ' అంటే చాలు, అన్నీ చెప్పేస్తారు. రెండు ప్రశ్నలడగండి. మీ బ్యాచ్‌లో ఎవరెవరికి ఎన్ని మాడ్యూళ్ళు అయ్యాయి? లైవ్ ప్రాక్టికల్‌కి మీ సీనియర్లను ఎక్కడికి పంపారు?

రెండోది అసలైన ప్రశ్న. ఈ కోర్సులో స్కూలు పాఠాలు, వర్క్‌షాపుతో పాటు పనిలో ఉన్న విమానాల మీద శిక్షణ కూడా ఉంటుంది. దాన్ని ఏ హ్యాంగర్‌లో, ఎన్ని నెలలు, ఎవరి కింద చేయిస్తారో ఒప్పందం లెటర్ చూపించమనండి. దాని మీద తేదీ చూడండి. మా స్కూలు వాళ్ళు అప్పటికి గడువు తీరిపోయిన ఒప్పందాన్ని చూపించి చేర్చుకున్నారు. చివరికి మమ్మల్ని ఒక ఫ్లయింగ్ క్లబ్బుకి పంపి, అక్కడ నలుగురు కూర్చునే పిస్టన్ విమానాల చుట్టూ తిప్పారు. దానికి వేరేగా లక్షా 20 వేలు తీసుకున్నారు. బీ1.1 లైసెన్సుకు కావలసింది టర్బైన్ విమానాల అనుభవం, కాబట్టి నా లాగ్‌బుక్‌లో ఆ నెలలకు విలువ లేకుండా పోయింది. మీకు చెప్పిన 8 లక్షల్లో ఈ ప్రాక్టికల్ ఖర్చు కలిసుందా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా 'అన్నీ ఇంక్లూడెడ్ సార్' అంటే ఏదీ లేదని లెక్క.

'వంద శాతం గ్యారంటీ' అన్న మాట కూడా కాగితం మీద రాసిమ్మనండి, ఏ కంపెనీలో, ఏ హోదాలో, ఎంత జీతానికి అని. ఎయిర్‌లైన్సూ హ్యాంగర్లూ తమ పరీక్ష తాము పెట్టుకుని తీసుకుంటాయి. స్కూలు చేయగలిగింది క్యాంపస్‌కు పిలిపించడం వరకే. విమానాశ్రయంలో బ్యాగులు మోసే ఏజెన్సీలో ఉద్యోగం ఇప్పించి దాన్ని ప్లేస్‌మెంట్ లెక్కలో వేసిన స్కూలు నాకు తెలుసు.

ఉద్యోగాల విషయం. కన్సల్టెన్సీ వాళ్ళు మీకు ఎయిరిండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలు ఆర్డరిచ్చాయని చూపించే ఉంటారు. అంకెలు నిజమే. అయితే ఇండిగో ఆ 500 వచ్చేది 2030 నుంచి 2035 మధ్య. ఈ రంగంలో మంచి రోజులూ చెడ్డ రోజులూ మిర్చి రేటులాగే మారుతుంటాయి, గుంటూరు వాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్, 2023 మేలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్సు ఆగిపోయాయి. జెట్ ఆగిపోయినప్పుడు నేను టెక్నీషియన్‌ని. లైసెన్సులూ, ఫలానా రకం విమానానికి సంతకం పెట్టే అర్హత అయిన టైప్ రేటింగులూ ఉన్న సీనియర్లు మా హ్యాంగర్ గేటు దగ్గర రెజ్యూమేలు పట్టుకుని నిలబడ్డారు. అలాంటప్పుడు కొత్తగా సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రాణ్ణి ఎవరు చూస్తారు? నాకు లైసెన్సు వచ్చిన రెండు నెలలకు, 2020 మార్చి 25 నుంచి దేశంలో ప్రయాణికుల విమానాలే నిలిచిపోయాయి. విమానాలు ఆగిన ఆ రెండు నెలలూ మేం వాటికి ఇంజన్ మూతలు, వేగం కొలిచే పీటో గొట్టాలకు కవర్లు తొడిగి, టైర్లు ఒకేచోట అణగిపోకుండా అప్పుడప్పుడు కాస్త ముందుకూ వెనక్కూ జరుపుతూ గడిపాం.

ఇప్పుడు పరిస్థితి అప్పటికంటే మెరుగే. విమానాలను విదేశాలకు పంపకుండా ఇక్కడే బాగుచేయించేలా 2020లో మరమ్మతుల మీద జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, ఆ తర్వాత మా రంగంలో పని పెరిగింది. మనకు దగ్గర్లో అంటే శంషాబాదే. అక్కడ జీఎంఆర్ ఏరో టెక్నిక్ ఉంది, ఎయిరిండియా ఇంజనీరింగ్ సర్వీసెస్ హ్యాంగర్ ఉంది, సఫ్రాన్ వాళ్ళ ఇంజన్ల కేంద్రం ఉంది. అది కాక నాగ్‌పూర్, హోసూరు, బెంగళూరు, ఢిల్లీ, ముంబై. గన్నవరంలో ఉద్యోగం చేసుకుంటూ ఇంటి నుంచి వెళ్ళి రావచ్చని ఆశపెట్టుకోకండి. అక్కడ విమానం దిగి, చుట్టూ ఒకసారి చూసుకుని మళ్ళీ ఎగిరిపోతుంది, దానికి ఇద్దరు ముగ్గురుంటే సరిపోతుంది.

మొదటి ఉద్యోగం ట్రైనీ టెక్నీషియన్‌గానే. నాకు మొదట ఇచ్చింది నెలకు 9 వేలు. దానికి ముందు ఒకచోట రాత పరీక్ష అయ్యాక ప్రాక్టికల్‌కి పిలిచారు. బల్ల మీద బిగించిన ఇనప పలక, దానికి రెండు బోల్టులు, వాటి తలలకు సన్నని రంధ్రాలు, పక్కన లాక్ వైరు చుట్ట. బోల్టులు వాటంతట అవి వదులు కాకుండా రెంటినీ కలిపి తీగతో పురిపెట్టి కట్టాలి. 0.032 అంగుళాల తీగ, అంగుళానికి 6 నుంచి 8 పురులు పడాలి. నాకు నులకమంచం నేసినంత ముచ్చటగా వచ్చింది. ఫోర్‌మన్ ఒక్క చూపు చూసి, బోల్టును వేలితో విప్పే వైపు నొక్కి, "ఇదెందుకు కట్టావు, బిగించడానికా, విప్పడానికా?" అన్నాడు. తీగ ఎప్పుడూ బోల్టును బిగుసుకునే వైపే లాగాలి. నేను దానికి తిరగేసి, విప్పుకునే వైపు లాగేలా కట్టాను. స్కూల్లో మాకు లాక్ వైరు ఒకే ఒక్కసారి, తలా ఒక జానెడు తీగ ఇచ్చి చేయించారు. ఆరు నెలల తర్వాత ఇంకోచోట మళ్ళీ అదే పరీక్ష వచ్చింది. ఈలోగా నాన్న షెడ్డులో పాత బోల్టులకు రంధ్రాలు వేసుకుని, రెండు కిలోల తీగ అరగదీశాను. నాన్న పక్కన నిలబడి, 'దీనికి అంత పురాణం ఎందుకురా, గట్టిగా ఒక పట్టు పడితే చాలదూ' అనేవాడు. లారీకి చాలు.

అమ్మాయి కాబట్టి కష్టమవుతుందేమో అని చివర్లో అడిగారు. మా షిఫ్టులో ముగ్గురు అమ్మాయిలున్నారు, చక్రాలు దాక్కునే గూట్లోకి వాళ్ళు దూరినంత తేలిగ్గా నేను దూరలేను. కష్టమల్లా రాత్రి షిఫ్టులు. పగలు విమానాలు ఎగురుతాయి, మా పని చాలావరకు రాత్రే. పండగలకు ఇంటికి రావడం ఉండదు. నేను సంక్రాంతికి విజయవాడలో ఉండి ఐదేళ్ళయింది. ఈ సంగతి అమ్మాయికి చెప్పి, అప్పుడేమంటుందో చూడండి.

ఇక డబ్బు. మీ దగ్గర 8 లక్షలు ఉంటే మొత్తం స్కూలుకే పెట్టేయకండి. సర్టిఫికెట్‌కూ లైసెన్సుకూ మధ్య కనీసం రెండేళ్ళు, చాలామందికి అంతకంటే ఎక్కువే, తక్కువ జీతంతో పెద్ద ఊళ్ళో గది అద్దె కట్టుకుని, పరీక్షల కోసం తిరుగుతూ బతకాలి. లైసెన్సు వచ్చాక కూడా ఫలానా విమానానికి సంతకం పెట్టాలంటే దాని టైప్ కోర్సు చేయాలి, అదీ లక్షల్లో ఉంటుంది. నాకైతే కంపెనీయే మూడేళ్ళ బాండు రాయించుకుని చేయించింది, అందరికీ అలా కుదరదు. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టింది స్కూలు ఫీజుకు కాదండీ, 2016లో నేను ఉద్యోగం లేకుండా హైదరాబాద్‌లో ఉన్నప్పుడు గది అద్దెకు. అందుకే కాస్త తక్కువ ఫీజుతో మంచి ఒప్పందం ఉన్న స్కూలు దొరికితే అదే నయం. ఫీజు కూడా సెమిస్టర్‌కోసారి కట్టేలా మాట్లాడుకోండి.

ఈలోపు అరండల్‌పేట వాళ్ళకు ఫోన్ చేసి, స్కూలు కార్-147 ఆమోద పత్రమూ, ఇప్పుడు అమల్లో ఉన్న హ్యాంగర్ ఒప్పందమూ వాట్సాప్‌లో పంపమనండి. రెండూ వస్తే అమ్మాయిని తీసుకుని బయల్దేరండి, వీలైతే ఎవరైనా మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్ళండి. ఆయన టైర్ల గురించి ఏమైనా అడిగితే మాత్రం ఊరుకోమనకండి.